బరువు ఎటు, నీరు ఎటు: శిల్పం తయారీ గురించి కొన్ని మాటలు

(విశాఖపట్నంలో విద్యార్థులకు, కళాభిమానులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాటలు మొదలుపెట్టే ముందు ఒక పని చేసేస్తాను, దానికి కాస్త టైమ్ పడుతుంది. ఈ బల్ల మీద ఉన్నది బంకమట్టి పలక. పొద్దున్న బీచ్ రోడ్డులో రాలిపడిన బాదం ఆకు ఒకటి ఏరుకొచ్చి, దాన్ని చూస్తూ ఈ పలక మీద ఆకు చేశాను. చుట్టూ మట్టితోనే గట్టు కట్టాను. ఇప్పుడు దీని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తాను. వెనక వాళ్లకు కనిపించకపోతే ముందుకు రండమ్మా, పర్వాలేదు.

నీళ్లలోకి పొడి చల్లుతున్నాను, చూడండి. పొడిలోకి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గుప్పెడు గుప్పెడుగా చల్లుతూ ఉంటే మొదట మునిగిపోతుంది. కాసేపటికి నీటి పైన చిన్న చిన్న దీవుల్లా తేలి నిలబడుతుంది. అక్కడ ఆపాలి. ఒక నిమిషం నాననిచ్చి, చెయ్యి అడుగు దాకా పెట్టి మెల్లగా కలపాలి. మజ్జిగ చిలికినట్టు చిలికితే లోపల గాలి బుడగలు పడతాయి, ఆ బుడగే రేపు ముక్కు మీద గుంట అవుతుంది. మొదటి పూత ఇలా వేళ్లతో చిమ్మాలి. ఆకు ఈనెల సందుల్లోకి పోవాలి కదా. మిగతాది పైన పోసేశాను. దీని సంగతి చివర్లో చూద్దాం.

శిల్పం తయారీలో పద్ధతులు నాలుగు అని చెబుతారు. మట్టిలా చేరుస్తూ పోవడం, రాయిలా తీసేస్తూ పోవడం, లోహంలా పోత పోయడం, ముక్కలు తెచ్చి అతకడం. ఆ లెక్క సరైనదే, పరీక్షలో రాస్తే మార్కులు కూడా వస్తాయి. పనిలోకి దిగాక మాత్రం నన్ను నిలబెట్టినవి రెండు ప్రశ్నలు. బరువు ఎటు పోతోంది? నీరు ఎటు పోతోంది? మా గురువుగారు నేను ఏ బొమ్మ చేసి చూపించినా ముందు ఈ రెండే అడిగేవారు. పోలిక వచ్చిందా, కళ్లు బాగున్నాయా అనేవి తరవాత. అప్పట్లో నాకు కోపం వచ్చేది. ఆయన ఎందుకు అడిగేవారో ఇన్నేళ్ల పని నాకు చూపించింది. ఆ రెండు ప్రశ్నలు పట్టుకునే ఈరోజు మట్టి, ప్లాస్టర్, సిమెంటు, రాయి, లోహం, చెక్క అన్నీ చూద్దాం.

ముందు మట్టి. చెరువు మట్టి తెచ్చి, ఎండబెట్టి, కొట్టి, నానబెట్టి, జల్లెడ పట్టి, రాయీ వేరూ లేకుండా చేసి, చపాతీ పిండిలా పిసకాలి. వేలికి చుడితే పగుళ్లు రాకూడదు, చేతికి అంటుకోకూడదు. కొత్తగా వచ్చిన పిల్లలు ఏటా ఒకరైనా అడుగుతారు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా సార్, అక్కడి మట్టి తేవచ్చా అని. తేకూడదు. అది కాపాడుకోవాల్సిన భూ వారసత్వ స్థలం. పైగా పేరుకు మట్టి గానీ, అది ఇనుము పూత పట్టిన ఇసుక. చేతిలో నిలవదు.

మట్టి బరువైనది, తడి మట్టి ఇంకా బరువైనది. దాని బరువు అది మోసుకోలేదు. అందుకే లోపల ఎముకల గూడు కావాలి, దాన్నే ఆర్మేచర్ అంటాం. తల బొమ్మ చెయ్యాలంటే చెక్క పలక మీద ఒక ఇనప పైపు నిలబెట్టి, పైన బైండింగ్ వైరుతో చుట్లు చుట్టి, ఆ వైరుకు చిన్న పుల్లలు అడ్డంగా ప్లస్ గుర్తులా కట్టి వేలాడదీస్తాం. బటర్‌ఫ్లై అంటారు దాన్ని. నా మొదటి పెద్ద తల బొమ్మకు నేను అవి కట్టలేదు. పైపు లావుగా ఉంది, చాలనుకున్నాను. మూడు రోజులు చేశాను. మూడో రోజు సాయంత్రం పోలిక వచ్చింది, ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. పొద్దున్న తడి గోనెపట్టా తీసి చూస్తే గడ్డం వెళ్లి ఛాతీ మీద కూర్చుంది. నున్నటి పైపును పట్టుకుని మట్టి వేలాడలేక రాత్రంతా మెల్లగా కిందికి జారింది. ఆ చిన్న పుల్లలుంటే ఒక్కో పుల్లా దాని చుట్టూ ఉన్న గుప్పెడు మట్టిని మోసేది.

ఇక నీరు. మట్టి ఆరుతుంటే కుదించుకుపోతుంది. రకాన్ని బట్టి నూటికి ఐదు నుంచి పది పాళ్ల దాకా. లోపలి ఇనుము కుదించుకోదు. అందుకే ఇనప గూడు ఉన్న మట్టి బొమ్మను ఆరనిస్తే పగులుతుంది. పని జరిగినన్నాళ్లూ నీళ్లు చిలకరిస్తూ, తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచాలి. కాల్చి టెర్రకోట చెయ్యాలనుకుంటే దారి వేరు. అక్కడ గూడు ఉండకూడదు, లోపల డొల్లగా ఉండాలి, గోడ మందం అంతటా దాదాపు ఒకేలా ఉండాలి. లోపల కాస్త తడి మిగిలినా బట్టీలో అది ఆవిరై బొమ్మను పగలగొట్టేస్తుంది. వినాయక చవితికి మట్టి విగ్రహం చేసేవాళ్లు గడ్డి చుట్టిన వెదురు గూడు ఎందుకు కడతారో గమనించండి. గడ్డి తేలిక, మట్టితో పాటు కాస్త నొక్కుకుంటుంది, చివరికి నీళ్లలో విడిపోతుంది. బరువుకీ నీటికీ రెండింటికీ జవాబు అందులోనే ఉంది. ప్లాస్టర్ విగ్రహానికి ఆ జవాబు లేదు. అది చెరువులో కరగదు, అడుగున పేరుకుంటుంది. నిమజ్జనం చేసే విగ్రహానికి మట్టే వాడమని నేను ప్రతి చోటా చెబుతున్నాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఈ ప్లాస్టర్ మీద చెయ్యి పెట్టండి. రామ్మా. వేడిగా ఉందా? కింద పొయ్యి లేదు, ఏమీ లేదు. జిప్సం రాయిని కాల్చి అందులో నీటిని చాలావరకు తరిమేస్తే వచ్చే పొడి ఇది. మనం నీళ్లు ఇచ్చేసరికి పోగొట్టుకున్న నీటిని తిరిగి తీసుకుని మళ్లీ రాయి అవుతోంది, ఆ క్రమంలో వేడి పుడుతోంది. గట్టిపడేటప్పుడు పిసరంత ఉబ్బుతుంది కూడా. అందుకే వేలిముద్ర దాకా పట్టుకుంటుంది.

మట్టి బొమ్మకీ నిలిచే బొమ్మకీ మధ్య ఉన్న అచ్చు గురించి జనానికి అసలు తెలియదు. విగ్రహావిష్కరణలో ముసుగు తీస్తే చూసి చప్పట్లు కొడతారు. దాని అచ్చు తీసిన మనిషిని ఎవరూ అడగరు. నా మటుకు ఈ కళలో సగం ప్రాణం అచ్చులోనే ఉంది, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఒక్కసారికే పనికొచ్చే అచ్చు ఉంటుంది, వేస్ట్ మౌల్డ్ అంటాం. మట్టి తలకు చెవుల వెనక నుంచి నడినెత్తి మీదుగా పల్చటి రేకు ముక్కలు వరసగా గుచ్చుతాం. అది ముందు భాగానికీ వెనక భాగానికీ సరిహద్దు. మొదటి పూత ప్లాస్టర్లో కాస్త నీలిమందు కలుపుతాం. పల్చటి నీలం పొర, అర సెంటీమీటరు చాలు. అది గట్టిపడ్డాక దాని మీద మందంగా తెల్ల ప్లాస్టర్, బలానికి గోనె నార. మొత్తం బిగిశాక రేకుల దగ్గర తడుపుతూ మెల్లగా తెరిచి లోపలి మట్టిని తవ్వి తీసేస్తాం. మూడు వారాలు రాత్రింబవళ్లు చేసిన ముఖం, వేళ్లతో గోకి బకెట్లో పడేస్తాం. మొదటిసారి ఆ పని చేసినప్పుడు ఏడుపొస్తుంది. నాకు వచ్చింది, నా విద్యార్థులకూ వస్తుంది. ఇప్పుడు మీ ముఖం ఖాళీగా, లోపలికి తిరిగి ఉంది. దాన్ని కడిగి, సబ్బు నురగ పట్టించి, నూనె చెయ్యి రాసి, రెండు సగాలూ కలిపి కట్టి, లోపల ప్లాస్టరో సిమెంటో పోస్తాం. గట్టిపడ్డాక మొద్దు ఉలితో అచ్చును పగలగొట్టుకుంటూ పోవాలి. తెల్లది ఎంత జోరుగానైనా కొట్టొచ్చు. నీలం కనపడగానే చెయ్యి నెమ్మదించాలి, కింద చర్మం ఉంది. ఆ నీలం చిప్ప ఊడి కింద కనురెప్ప బయటపడే క్షణం నాకు ఇప్పటికీ ఊపిరి ఆగుతుంది. చిన్న పొడి నీలిమందు ఎంత పని చేస్తుందో చూడండి.

ఇప్పుడు సిలికాన్ రబ్బరు అచ్చులు వచ్చాయి. ఒకే అచ్చుతో పది కాపీలు తీయొచ్చు, చెవి వెనక మడతల్లాంటి చోట కూడా సాగి బయటికి వస్తుంది. మంచిదే, నేనూ వాడతాను. కానీ వేస్ట్ మౌల్డ్ ఒక్కసారైనా చెయ్యనివాడికి బొమ్మను లోపలి నుంచి ఊహించడం రాదని నా నమ్మకం.

సిమెంటు గురించి నొక్కి చెప్పాలి, ఎందుకంటే మనది విశాఖ. 1938లో శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 'సంతాల్ కుటుంబం' అనే శిల్పం చేసినప్పుడు సిమెంటులో అక్కడి ఎర్రటి మొరం రాళ్లు కలిపి చేశాడు. కంచుకీ పాలరాయికీ డబ్బుల్లేని దేశంలో సిమెంటుతో గొప్ప శిల్పం చెయ్యొచ్చని చూపించాడు. నేనూ ఆ దారిలోనే వెళ్లాను. చాలా ఏళ్ల క్రితం సముద్రం పక్కన ఒక ఊళ్లో నిలువెత్తు సిమెంటు విగ్రహం చేశాను. ఐదారేళ్లకు కబురొచ్చింది. వెళ్లి చూస్తే కుడి మణికట్టు దగ్గర సన్నటి గోధుమరంగు గీత, కన్నీటి చారలాగా కిందికి దిగింది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది. లోపల ఇనప చువ్వ తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. ఇనుము తుప్పుగా మారితే దానికి మునుపటి కంటే రెండు రెట్లకు పైగా చోటు కావాలి. ఆ చోటు కోసం లోపలి నుంచి సిమెంటును తోస్తుంది. తప్పు నాది. మణికట్టు సన్నగా అందంగా రావాలని చువ్వ మీద సిమెంటు అర అంగుళం కూడా ఉంచలేదు. ఉప్పు గాలి తేమతో పాటు లోపలికి వెళ్లి తన పని చేసుకుపోయింది.

అందుకే ఈ ఊళ్లో సిమెంటు పని చేసేవాళ్లు వినండి. సముద్రపు ఇసుక ఎంత తెల్లగా, సన్నగా కనిపించినా వాడకండి, అందులో ఉప్పుంది. మామూలు చువ్వ కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టగలిగితే పెట్టండి. లేదంటే చువ్వ మీద అంగుళంన్నర, రెండు అంగుళాల మందాన సిమెంటు కప్పి ఉండాలి. సన్నటి వేళ్లు కావాలంటే ఆ బొమ్మకు సిమెంటు సరైన పదార్థం కాదని ఒప్పుకోండి. నీళ్లు నిలిచే గుంటలు, మడిచిన మోచేతిలో గానీ ఒళ్లో గానీ పుస్తకంలో గానీ, ఎక్కడున్నా నీరు జారిపోయే వాలు ఇవ్వండి. డొల్ల బొమ్మకు అడుగున చిన్న రంధ్రం వదలండి. కనీసం వారం పది రోజులు తడుపుతూ ఉండాలి, అసలు బలం రావడానికి 28 రోజులు. ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని టెన్షన్‌తో తొందరపెడతారు. వినకండి.

ఫైబర్ గ్లాస్ గురించి రెండు ముక్కలు. తేలిక, తుప్పు పట్టదు, చౌక. ఆ తేలికతనమే ఇక్కడ ప్రమాదం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మనం అందరం చూశాం కదా. గాలి తోపు కూడా బరువే, పక్క నుంచి వచ్చే బరువు. కాబట్టి లోపలి స్టీలు ఫ్రేము దిమ్మెలోకి లోతుగా దిగి ఉండాలి. ఇంకొకటి, పిల్లలూ, ఇది ప్రాణాలకు సంబంధించినది. ఫైబర్ గ్లాస్‌లో గాజు నారను పట్టి ఉంచే జిగురు రెసిన్, దాన్ని గట్టిపరచడానికి కలిపే క్యాటలిస్టునూ కోబాల్టునూ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి నేరుగా పోయకండి, పేలుతుంది. ముందు రెసిన్‌లో కోబాల్టు బాగా కలిపేయాలి, ఆ తరవాతే క్యాటలిస్టు.

రాయి దగ్గరికి వద్దాం. రాయిలో గూడు ఉండదు, రాయే గూడు. తీసేసింది మళ్లీ పెట్టలేం. శిల్పులు ముందు రాయిని కొట్టి వింటారు. గంటలా ఖంగుమంటే పురుష శిల, మృదువుగా మోగితే స్త్రీ శిల, పలక్కపోతే నపుంసక శిల అని శాస్త్రంలో పేర్లున్నాయి. పేర్లు ఎలా ఉన్నా, పరీక్ష గట్టిది. లోపల పగులుంటే శబ్దం చచ్చిపోతుంది. మీరూ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా, అదే.

మన చుట్టూ ఉన్న కొండలు, కైలాసగిరి, సింహాచలం కొండ, అవతల డాల్ఫిన్స్ నోస్, ఇవన్నీ చాలావరకు ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరు పెట్టారు. అందులో గార్నెట్ అనే ఖనిజపు గింజలుంటాయి, ఎండకూ వానకూ అవి పాడై ఎర్రటి మరకలు వదులుతాయి. చెక్కడానికి మరీ మొండి కాదు, కానీ వాతావరణానికి తొందరగా లొంగుతుంది. 13వ శతాబ్దపు కోణార్క చాలావరకు ఈ రాయే, పక్కన ఇదే సముద్రం. అక్కడ గోడల మీద ముఖాలు అరిగి మెత్తబడి ఉంటాయి. ముఖ్యమైన విగ్రహాలకూ ద్వారబంధాలకూ వాళ్లు క్లోరైట్ అనే వేరే రాయి వాడారు, అవి ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. రాళ్లను కలపడానికి ఇనప బిగింపులూ వాడారు. అవి తుప్పు పట్టి ఉబ్బి రాళ్లనే పగలగొట్టాయి. నా విగ్రహం మణికట్టులో జరిగిందే అక్కడా జరిగింది.

ఒకే కట్టడంలో ఏ రాయి ఎక్కడ పెట్టాలో తెలిసిన మనుషుల్ని చూడాలంటే రామప్ప గుడికి వెళ్లండి. 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడలకు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద నిలబడిన మదనికలకు, అంటే ఆ స్త్రీ బొమ్మలకు మాత్రం నల్లటి గట్టి రాయి. ఆ బొమ్మల నగల నీడ వంటి మీద పడినట్టు చెక్కారు, ఇసుకరాయిలో అంత సన్నటి పని నిలవదు. శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు. పైన బరువు తగ్గాలి కదా. మా గురువుగారి మొదటి ప్రశ్నకు ఎనిమిది వందల ఏళ్ల క్రితమే ఒకాయన ఇటుకతో జవాబు చెప్పాడు.

మన అమరావతి శిల్పులకు దొరికింది పల్నాడు సున్నపురాయి. మెత్తన, సన్న రేణువు. అందుకే అరచేయంత చోట పది మంది మనుషులు, ఏనుగు, గుర్రం పట్టించగలిగారు. లేపాక్షి నందికి గ్రానైటు. గ్రానైటులో ఆ కిక్కిరిసిన పని అడిగితే రాయి ఒప్పుకోదు, పెద్ద నిండైన ఆకారం అడిగితే దాన్ని మించింది లేదు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడిది ఏకశిల గ్రానైటు. 1990 మార్చిలో పడవ ఒరిగి విగ్రహం సరస్సులో పడింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబర్‌లో పైకి తీశారు. రెండున్నరేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహం చెక్కుచెదరలేదు. నీటి ప్రశ్నకు గ్రానైటుది తిరుగులేని జవాబు. బరువు ప్రశ్న మాత్రం దాన్ని కదిపే ప్రతిసారీ కొత్తగా ఎదురవుతుంది.

పనిముట్లు చెబుతాను. మొన ఉలి పెద్ద పెచ్చులు తీయడానికి, పళ్ల ఉలి ఆకారం తేవడానికి, చదును ఉలి చర్మానికి. గ్రానైటుకైతే కార్బైడ్ మొన. ఇప్పుడు గ్రైండర్లొచ్చాక నెలల పని వారాల్లో అవుతోంది, దుమ్ము మాత్రం పదింతలైంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు, సిలికోసిస్ వస్తుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరిపోదు. సరైన మాస్కు పెట్టుకోండి, నీళ్లు చల్లుకుంటూ కొయ్యండి. చేతికింద పనిచేసే కుర్రాడికి కూడా మాస్కు కొనివ్వండి, మీ డబ్బులతో.

రాతి దేవుళ్ల వెనక పలక ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? చాచిన చేతిని రాయి గాల్లో మోయలేదు, దానికి వెనక ఆసరా కావాలి. నటరాజు ఎత్తిన కాలు, ఎగిరే జటలు అంత స్వేచ్ఛగా ఉన్నాయంటే అది లోహం చలవ. లోహం సాగుతుంది, లాగినా తెగదు.

లోహానికి మైనం పోత. తేనె మైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేసి, మెత్తటి వండ్రుమట్టితో మొదలుపెట్టి పొరలు పొరలుగా మట్టి పూసి, ఆరబెట్టి, వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తగరం కలిపి కంచు చేస్తే ఇంకాస్త తక్కువకే. మైనం తూచి చూసుకుంటే లోహం లెక్క తెలుస్తుంది, కిలో మైనానికి తొమ్మిది కిలోల దాకా. తమిళనాడులోని స్వామిమలైలో చిన్న విగ్రహాలు లోపల డొల్ల లేకుండా గట్టిగా పోస్తారు. నిలువెత్తు కంచు విగ్రహమైతే గోడ మందం నాలుగైదు మిల్లీమీటర్లే, లోపల ఖాళీ. ఆదిలాబాద్‌లో డోక్రా అనే మైనం పోత పనిలో మట్టి ముద్ద మీద సన్నటి మైనపు తీగలు చుడతారు, ఆ తీగల గీతలే బొమ్మ చర్మం అవుతాయి. అన్నిట్లోనూ ఒక జాగ్రత్త ఒకటే. లోహం పోసే ముందు అచ్చులో తడి చుక్క ఉండకూడదు. ఉంటే ఆవిరై ఎగదన్నుతుంది, కరిగిన లోహం మనిషి మీదికి చిమ్ముతుంది.

చెక్కకు మనకు ఏటికొప్పాక దగ్గరే ఉంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కర్రను ఆనిస్తే, ఒరిపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఒక్కసారి వెళ్లి ఆ లేతు పక్కన కూర్చోండి. చెక్క బతికినన్నాళ్లూ నీళ్లు మోసిన పదార్థం, నరికాక ఆ నీరు వదులుతూ గుండె నుంచి బయటికి చీలుతుంది. పెద్ద చెక్క విగ్రహాలకు వీపు వైపు తొలిచి డొల్ల చేసేది అందుకే. పొర ఎటు పోతోందో చూసి ముక్కూ వేళ్లూ ఆ దిక్కున పెట్టుకోవాలి, అడ్డంగా పెడితే విరుగుతాయి.

సరే, ప్లాస్టర్ చల్లబడింది. గోటితో కొడితే ఖణేల్‌మంటోంది, విన్నారా? గట్టు తీసేస్తున్నాను. తిరగేస్తున్నాను. మట్టిని ఇలా వేలితో లేపుతుంటే... వచ్చేసింది. ఈనెలన్నీ లోపలికి దిగి ఉన్నాయి, చూడండి. ఇక్కడ అంచు దగ్గర పురుగు తిన్న చిల్లు కూడా పడింది. లైటు పక్క నుంచి వేస్తే గుంటే గట్టులా కనిపిస్తుంది, ఒకరి తరవాత ఒకరు వచ్చి చూడండి, చేత్తో తడమండి.

బకెట్లో కడిగిన ప్లాస్టర్ నీళ్లు మాత్రం వాష్ బేసిన్‌లో పోయకండమ్మా, పైపులో రాయి కట్టేస్తుంది. రాత్రంతా అలా వదిలేస్తే అడుగున పేరుకుంటుంది. పొద్దున్న పైన నీళ్లు వంపి, అడుగున గట్టిపడ్డది చెత్తలో వేద్దాం. మట్టి నాకు ఇచ్చేయండి, తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్తాను.